సగంలో ఆగిన గొంతు

పాత వంతెనను వరద ఎత్తుకుపోయిన ఏడాది ఇది జరిగింది. నీళ్ళు తీశాయి. బురద ఎండింది. జనం ఇళ్ళు కడుక్కుని, తడిసిన పరుపులు గోడల మీద ఆరేసుకున్నారు. ఆ తరువాత మొదలయ్యాయి వాంతులు, విరేచనాలు. ఆసుపత్రిలో మంచాలు చాలక వరండాలో చాపలు పరిచారు. తాగే నీళ్ళలో వేసుకోమని ఆరోగ్య శాఖ వాళ్ళు ఇంటింటికీ క్లోరిన్ బిళ్ళలు పంచారు. బిళ్ళ వేసుకున్న వీధుల్లో జబ్బు తగ్గుముఖం పట్టింది. సరిగ్గా అప్పుడే ఫోన్లలో ఆ గొంతు బయలుదేరింది.

ఫోన్లో కనపడేది బిళ్ళ బొమ్మ ఒక్కటే. వెనక నుంచి ఆసుపత్రి పెద్ద డాక్టరు గొంతు. తానెవరో చెప్పుకుని, అందరినీ జాగ్రత్తగా వినమని చెప్పి, చివర అంటాడు: "ఈ బిళ్ళ వేసిన నీళ్ళు తాగితే ఆడవాళ్ళకి ఇక పిల్లలు పుట్టరు."

అంతే. అక్కడితో సరి.

జనం బిళ్ళలు తెచ్చి మురుక్కాలవలో పోశారు. రెండు రోజులు గడిచాక పంపుల వీధిలో బిళ్ళలు పంచుతున్న నర్సమ్మ తల మీద ఎవరో రాయి వేశారు. ఆవిడకింకా తెలివి రాలేదు.

రాయి కేసు ఇన్‌స్పెక్టరుకు ఇచ్చారు. ఉద్యోగంలో చివరి ఏడాది ఆయనకి. డిపార్ట్‌మెంట్‌లో అందరూ ఆయన్ని నిదానం అనేవారు, ఆయన ఎదుట తప్ప. గొంతు కేసు సైబర్ విభాగంలో కొత్తగా వచ్చిన కుర్ర ఆఫీసరుకు ఇచ్చారు. అతనికి మెరుపు అని పేరు. ఆ పేరు ఎదుటే పిలిచినా అతనికి ఇష్టమే.

మెరుపు ఒక్క రోజులో మనిషిని పట్టుకొచ్చాడు. పట్టుకున్నది మిమిక్రీ చేసే మనిషిని, ఊళ్ళో చిలక అంటారు. ఊళ్ళో ఏ సభ జరిగినా పది గొంతులు మార్చి నవ్వించేవాడు చిలక. పెద్ద డాక్టరు గొంతు అతని ఆటలో రెండేళ్ళుగా ఉంది. పైగా, ఆ గొంతు నాది కాదని డాక్టరే రాసిచ్చాడు. మెరుపు ఫోన్లలో ప్రకటన కూడా వదిలాడు: డాక్టరు గొంతు పెట్టి అబద్ధం చెప్పినవాడు దొరికాడు. సాయంత్రం మేజిస్ట్రేటు ముందు నిలబెడితే చిలక జైలుకు పోతాడు.

మధ్యాహ్నం నిదానం స్టేషన్‌కు వచ్చేసరికి చిలక భార్య బయట బెంచీ మీద కూర్చుని ఉంది. పొద్దుటి నుంచి ఇంటి మీద రాళ్ళు పడుతున్నాయట. ఇన్నాళ్ళూ వదినా వదినా అని పిలిచిన పక్కింటామె, ఇవాళ పిల్లను దాచమని తీసుకెళ్తే తలుపు వేసుకుందట. ఆ మాట చెప్పేటప్పుడు కూడా ఏడవలేదు ఆమె. ఏడుపు అయిపోయినట్టుంది.

నిదానం లోపలికి వెళ్ళి, చిలక ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మోకాళ్ళు నొప్పి.

డాక్టరు గొంతు తాను చేస్తానని చిలకే ముందు ఒప్పుకున్నాడు. కాదంటే ఊరంతా సాక్ష్యం చెబుతుంది. కానీ ఆ మాట తాను అనలేదట. తన భార్య కూడా ఆ బిళ్ళ వేసిన నీళ్ళే తాగుతోందట.

"మీ గొంతు కూడా చేశాను సార్, మీ వాళ్ళ సభలో. మీరొక్కరే నవ్వలేదు."

"నా గొంతులో ఏముంది చెయ్యడానికి?"

"ఏమీ లేదు సార్. అదే కష్టం. మాట సగంలో ఆపేసి చూస్తారు. మిగతా సగం ఎప్పుడొస్తుందా అని ఎదుటివాడు నోరు తెరుచుకుని కూర్చుంటాడు. ఆ కూర్చోడానికే జనం నవ్వుతారు."

ఇప్పుడూ నవ్వలేదు నిదానం. డాక్టరు గొంతులో ఆ చివరి మాట చెప్పమన్నాడు. చిలక గొంతు సవరించుకుని చెప్పాడు. గుమ్మంలో ఉన్న కానిస్టేబులు డాక్టరే వచ్చాడనుకుని బీడీ దాచాడు. చిలకకి అది గర్వంగానే ఉన్నట్టుంది, అంతలోనే తానెక్కడున్నాడో గుర్తొచ్చి తల దించుకున్నాడు.

నిదానం తన ఫోన్ తీసి అసలుది వినిపించాడు. మళ్ళీ చిలకని చెప్పమన్నాడు. మళ్ళీ ఫోన్ పెట్టాడు. అలా నాలుగైదు సార్లు. గొంతులో తేడా లేదు. తేడా చివర ఉంది. పుట్టరు అన్న దగ్గర చిలక గొంతు దిగుతోంది, మెట్లు దిగి నేల మీద నిలబడ్డట్టు. ఫోన్లో గొంతు దిగలేదు. ఇంకా మెట్టు మీదే ఉంది, కాలు గాల్లో పెట్టుకుని.

"ఇందులో ఉన్నట్టే చెప్పు," అన్నాడు నిదానం.

"అలా చెబితే మాట అయిపోయినట్టుండదు సార్."

"అయిపోయినట్టు ఉండొద్దు. చెప్పు."

చిలక చెప్పాడు. చెప్పి ఆగాడు. గదిలో ముగ్గురూ, కానిస్టేబులుతో సహా, మిగతా మాట కోసం చూశారు. అది రాలేదు.

నిదానం ఫోన్‌ను మళ్ళీ చెవికి ఆనించుకున్నాడు. ఈసారి మాట కోసం కాదు, మాట వెనక ఏముందా అని. అడుగున ఎక్కడో చిన్న చప్పుడు. టంగ్. కాస్త ఆగి మళ్ళీ టంగ్. రేకు మీద నీటి బొట్టు.

అప్పుడే మెరుపు వచ్చాడు. ఇస్త్రీ మడత నలగని చొక్కా, చేతిలో రెండు ఫోన్లు.

"గురువు గారూ, నా ముద్దాయి చేత నాటకం వేయిస్తున్నారా? టికెట్ ఎంత?"

నిదానం ఆ చప్పుడు వినమన్నాడు. మెరుపు విన్నాడు. ఈ ఏడు కారని ఇల్లు ఎవరికుందన్నాడు. చిలక ఇల్లూ కారుతుంది, తన క్వార్టరూ కారుతుంది, చప్పుడు విని అరెస్టు చేస్తే ముందు తననే చేయాలన్నాడు. తరువాత గొంతు తగ్గించాడు. పై నుంచి పొగుడుతూ ఫోన్ వచ్చిందట. డాక్టరు రాసిచ్చిన కాగితం ఉంది, మనిషి ఉన్నాడు, గొంతు ఉంది. ఇంకేం కావాలి?

"మిగతా మాట కావాలి," అన్నాడు నిదానం.

"ఏ మాట?"

"తెలిస్తే నిన్నెందుకు అడుగుతాను తమ్ముడూ."

మెరుపు వాచీ చూసుకున్నాడు. ఐదింటికి బండి బయలుదేరుతుందని, రాయి కేసు చూసుకుంటే అందరికీ మంచిదని చెప్పి వెళ్ళిపోయాడు. నిదానానికి కోపం రాలేదు. కోపం తెచ్చుకోవడానికి కూడా ఓపిక ఉండాలి.

*

ఆరోగ్య శాఖ ఆఫీసులో డాక్టరు ప్రకటనలు రికార్డు చేసే గది ఒకప్పుడు సామాన్ల గది. గొంతు గోడలకు తగిలి మార్మోగకుండా పాత దోమతెరలు కట్టలు కట్టి చుట్టూ పేర్చారు. బల్ల, దాని మీద మైకు, ఆఫీసు ఫోను. తలుపు వరదకు ఉబ్బి, నేలను గీస్తూ తెరుచుకుంది. ప్రకటనలు చూసే ఆవిడ అప్పుడే అన్నం డబ్బా మూత తీసింది. పోలీసును చూసి మళ్ళీ మూత పెట్టేసింది.

నిదానం ఆమెను ఏమీ అడగకుండా ముందు గది చూశాడు. మూలన పైపు కారుతోంది. దాని కింద ఖాళీ రంగు డబ్బా పెట్టారు.

"ఇది ఎప్పుడూ ఇక్కడే ఉంటుందామ్మా?"

రికార్డింగ్ ఉన్నప్పుడు తీసేస్తామంది. నేల తడుస్తుంది గానీ చప్పుడు ఉండదంది.

"ఎప్పుడూ తీస్తారా?"

ఎప్పుడూ తీస్తామంది. కానీ ఆ మాట అనేముందు కాస్త ఆగింది. నిదానం తన ఫోన్ తీసి డబ్బా పక్కన నేల మీద పెట్టాడు. వంగేసరికి నడుం పట్టేసింది. అలాగే వంగి మీట నొక్కాడు.

డాక్టరు గొంతు మొదలైంది. ఫోన్లో టంగ్. డబ్బాలో టంగ్. ఒకటి ముందు, ఒకటి వెనక. కాసేపటికి రెండూ కలిసిపోయి, ఏది ఫోన్లోదో ఏది మూలలోదో తెలియకుండా పోయింది. "పిల్లలు పుట్టరు" అని గొంతు ఆగిపోయింది. డబ్బా మాత్రం మోగుతూనే ఉంది.

ఆవిడ దోమతెరల కట్ట మీద కూలబడింది. నిదానం నిలబడే ఉన్నాడు. ఎంత సేపైనా నిలబడేటట్టు కనిపించాడు. అదే ఆవిడ నోరు తెరిపించింది.

ఆ గొంతు డాక్టరుదే. ఇక్కడే, ఈ మైకు ముందే మాట్లాడాడు. బిళ్ళలతో పిల్లలు పుట్టరని అప్పటికే ఎక్కడో ఒక గాలి మాట లేచింది. దాన్ని ఖండించాలని డాక్టరు వచ్చాడు. ఆయనకొక పద్ధతి ఉంది. గాలి మాటను ముందు మొత్తం చెబుతాడు. జనానికి ఎక్కాలని కాసేపు ఆగుతాడు. ఆ తరువాత, అన్న మాట పచ్చి అబద్ధం అంటాడు. ఎన్నిసార్లు చేసినా అంతే.

"ఆ రోజూ అలాగే చెప్పారు సార్. 'పిల్లలు పుట్టరు' అని ఆగి, 'అన్న మాట పచ్చి అబద్ధం' అన్నారు. నేను దాన్ని మా ఆఫీసు ఫోన్ స్టేటస్‌లో పెట్టాను. ఊళ్ళో సగం మంది దగ్గర మా నంబరు ఉంటుంది. అది ముప్పై సెకన్లకి దానంతటదే కోసేస్తుంది సార్. సరిగ్గా ఆయన ఆగిన చోట కోసింది. అబద్ధం అన్నది రెండో ముక్కలోకి పోయింది."

మొదటి ముక్కను ఎవరో పట్టి దాచుకున్నారు. అక్కడి నుంచి ఊరంతా పాకింది. అంత మాట విన్నాక రెండో ముక్క దాకా ఎవరు ఆగుతారు? నిదానం మనసులో ఆ మాటను అటూ ఇటూ తిప్పి చూశాడు. కాదు అన్నది మన మాటల్లో చివరికి గాని రాదు. అంతవరకూ చెప్పిందంతా అవును లాగే ఉంటుంది. కోసిందెవరూ కాదు. పద్ధతే కోసింది.

ఎప్పుడు తెలిసిందని అడిగాడు.

ఆ సాయంత్రమే తెలిసిందట. ఆమె ఆడబిడ్డ ఫోన్ చేసి, మీ డాక్టరే చెప్పాక ఆ బిళ్ళలు నువ్వెందుకు వాడుతున్నావు వదినా అని అడిగిందట. ఈవిడ పరుగున డాక్టరు దగ్గరికి వెళ్ళింది. అంతా తీసేయమన్నాడు, ఎవరితోనూ అనొద్దన్నాడు. అప్పటికి నర్సమ్మ మీద రాయి పడలేదు.

"నాకు ముఖం చెల్లట్లేదు సార్. నర్సమ్మా నేనూ ఒకే బస్సులో వస్తాం."

*

పెద్ద డాక్టరు వరండాలో సెలైన్ సీసా మారుస్తున్నాడు. చాపల మధ్య దారి లేక, నిదానం పక్కకు తిరిగి అడుగులు వేసుకుంటూ వెళ్ళాడు. డాక్టరు కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఎన్నాళ్ళ నుంచి నిద్ర లేదో అడగనక్కర్లేదు. చేతులు కడుక్కుని, కేసు అయిపోయిందన్నారు కదా అన్నాడు.

అయిపోయింది, ఒక్కసారి ఆ గాలి మాటను మీరు ఖండించే పద్ధతిలో చెప్పండి, మా వాళ్ళకు పనికొస్తుంది అన్నాడు నిదానం. డాక్టరు తువ్వాలుతో వేళ్ళు తుడుచుకుంటూ, వేరే ఏదో ఆలోచిస్తూనే చెప్పాడు. వందసార్లు చెప్పిన మాట.

"ఈ బిళ్ళ వేసిన నీళ్ళు తాగితే ఆడవాళ్ళకి ఇక పిల్లలు పుట్టరు..."

నిదానం చెయ్యి ఎత్తాడు.

డాక్టరు ఆగాడు. తరువాతి మాటకు తెరిచిన నోరు అలాగే ఉంది. పక్క చాప మీద పడుకున్న ముసలావిడ తల తిప్పి, కోడలు బిడ్డకు తాగిస్తున్న గ్లాసు వైపు చూసింది. కోడలు ఆ గ్లాసును నెమ్మదిగా కింద పెట్టింది. డాక్టరు అది చూశాడు.

"అబద్ధం, అబద్ధమమ్మా, తాగించు," అన్నాడు వాళ్ళతో. ఆ కోడలు గ్లాసు మళ్ళీ తీయలేదు.

ఇద్దరూ మందుల గదిలోకి వెళ్ళారు. డాక్టరు ఇక దాచలేదు.

"నాదే అని ఒప్పుకుంటే, రేపు నేనేం చెప్పినా ఎవరు వింటారు ఇన్‌స్పెక్టర్ గారూ? నాది కాదంటే కనీసం నా గొంతు మిగులుతుంది అనుకున్నాను. బిళ్ళలు వేసుకోమని చెప్పడానికి నా దగ్గర ఉన్నది అదొక్కటే."

"మనిషి లోపలున్నాడు డాక్టర్ గారూ. ఇంటి మీద రాళ్ళు పడుతున్నాయి."

"నర్సమ్మకి కట్టు నేనే మారుస్తున్నాను రోజూ," అన్నాడు డాక్టరు. అది జవాబు కాదని ఆయనకీ తెలుసు.

అప్పటికప్పుడు డాక్టరు నిదానం ఫోన్లోనే రికార్డు చేసి చెప్పాడు. ఆ గొంతు నాదే, సగం మాట బయటికి పోయింది, చిలకకి ఏ పాపం తెలియదు, బిళ్ళలు మంచివి. అంతా చిన్నగా, ఒక్క ముక్కలో. నిదానం దాన్ని స్టేషన్‌కూ, మేజిస్ట్రేటు ఆఫీసుకూ, ఊరి గుంపులన్నిటికీ పంపించాడు. గుండె మీద నుంచి ఏదో దిగినట్టు అనిపించింది. జీపు ఎక్కుతుంటే ఇంటి నుంచి ఫోన్ వచ్చింది.

"ఏమండీ," అంది ఆయన భార్య, "ఆ మిమిక్రీవాడు స్టేషన్‌లో కూర్చుని కూడా మళ్ళీ డాక్టరు గొంతు పెట్టి మాట్లాడుతున్నాడట. వాడి తప్పు లేదని వాడే చెప్పుకుంటున్నాడట. మీరంతా అక్కడ ఏం చేస్తున్నారు?"

నిదానం జీపు మెట్టు మీద కాలు పెట్టినవాడు పెట్టినట్టే ఉండిపోయాడు. ఇరవై ఏడేళ్ళు కాపురం చేసిన మనిషే నమ్మలేదు. ఇక ఊరేం నమ్ముతుంది? డాక్టరు గొంతును చిలక చేయగలడని ఊరంతటికీ చెప్పింది పోలీసులే. ఇక ఆ గొంతుతో నిజం చెప్పినా చిలకే. అబద్ధం చెప్పినా చిలకే. డాక్టరు మిగుల్చుకుందామనుకున్నది అదొక్కటే. అదీ పోయింది.

*

స్టేషన్ ముందు ముప్పై నలభై మంది పోగయ్యారు. చిలకని బయటికి పంపమంటున్నారు. మెరుపు లోపల రెండు ఫోన్లూ బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. పొద్దుటి మడత చొక్కా చెమటకు అంటుకుపోయింది. డాక్టరు చెప్పింది అతను విన్నాడు. నమ్మాడు కూడా. నమ్మినవాళ్ళు ఊళ్ళో ఇద్దరో ముగ్గురో, అందులో అతనొకడు.

ముందు తన తప్పేం లేదన్నాడు. డాక్టరు రాసివ్వబట్టే కదా అన్నాడు. నిదానం కాదనలేదు. ఆ తరువాత మెరుపు, తాను పెట్టినదాన్ని తానే దిద్దుతానని ఫోన్ తీశాడు.

"ఏమని?" అన్నాడు నిదానం.

"డాక్టరు గారి గొంతును మిమిక్రీ చేసి జనాన్ని మోసం చేసింది ఇతనే..." అని మెరుపు ఆగాడు. తన మాట తనకే వినపడింది. 'అని మేము చెప్పినది పొరపాటు' అన్నది ఇంకా నోట్లోనే ఉంది. ఫోన్ మూసి జేబులో పెట్టుకున్నాడు.

"మీరే చెప్పండి గురువు గారూ, ఏం చెయ్యమంటారు," అన్నాడు. ఈసారి గురువు అన్న మాటలో వెటకారం లేదు.

కోర్టుకు వెళ్ళాల్సిన బండిని ఆపించి, కాగితాలు రద్దు చేసి, చిలకని వదిలేశారు. వదిలిన చిలక ఎక్కడికీ వెళ్ళలేదు. బయట జనం, ఇంటి దగ్గర జనం. భార్యనూ పిల్లనూ లోపలికి పిలిపించి, తాళం వేయని సెల్‌లో దుప్పటి పరిచారు. పిల్ల నిద్రపోయేదాకా చిలక మేక గొంతు, రైలు గొంతు చేశాడు. మనిషి గొంతు ఒక్కటీ చేయలేదు. రాయి వేసిన చెయ్యి ఎవరిదో ఇంకా తేలలేదు, రేపు ఇంకో రాయి లేస్తే ఎవరి మీద పడుతుందో తెలియదు. మెరుపు తనంతట తానే గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున్నే నిదానం ఆసుపత్రికి వెళ్ళి డాక్టరును జీపు వెనక సీట్లో కూర్చోబెట్టాడు. స్టేషన్‌కు వచ్చి చిలకని ఆయన పక్కనే కూర్చోబెట్టాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

"నేనెందుకు సార్? నన్ను చూస్తే కొడతారు," అన్నాడు చిలక.

"నువ్వు నోరు మూసుకుని నిలబడు. ఆయన మాట్లాడతాడు. రెండు నోళ్ళూ జనానికి ఒకేచోట కనపడాలి."

పంపుల వీధి మొదట్లో జీపు ఆపి, మొదటి ఇంటి తలుపు కొట్టాడు. నడివయసు ఆవిడ తీసింది. వెనక కోడలు, నిండు చూలాలు. చుట్టుపక్కల తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. ఆ తలుపుల్లో ఒకదాని వెనక రాయి వేసినవాడూ ఉండి ఉంటాడు. నిదానం ఎవరి వైపూ చూడలేదు.

ఆవిడ ఇద్దరినీ ఎగాదిగా చూసింది. "వీళ్ళలో డాక్టరెవరు?" అంది.

చిలక రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. ఎవరో పిల్లలు కిసుక్కున నవ్వారు.

"అబద్ధమమ్మా," అని మొదలుపెట్టాడు డాక్టరు. ముందు ఆ మాటే అన్నాడు. మళ్ళీ అన్నాడు. ఆ తరువాత గాని ఏది అబద్ధమో చెప్పలేదు. ఆవిడ మూసిన నోటినీ తెరిచిన నోటినీ మార్చి మార్చి చూస్తూ విన్నది. విని, లోపలికి వెళ్ళి నీళ్ళ బిందె తెచ్చి గడప మీద పెట్టింది. సరే, ముందు మీలో ఎవరు తాగుతారంది.

డాక్టరు బిళ్ళ వేశాడు. అరగంట ఆగాలన్నాడు.

నిదానం ఆవిడని అడిగి ఒక గ్లాసు తీసుకున్నాడు. మోకాళ్ళు పట్టుకుని మెల్లగా వంగి, ఆ బిందె పక్కనే మెట్టు మీద కూర్చున్నాడు.